కలివిపండుతో ఐస్‌క్రీమ్

కలివిపండు నల్లమల అంచుల్లోనూ, పాలమూరు గుట్టల మీదా తనంత తానుగా పెరిగే ముళ్లపొద పండు. కాయగా ఉన్నప్పుడు ఒట్టి పులుపు, కొంచెం వగరు. పండి నల్లబడ్డాక ఆ పులుపులోకే తీపి వచ్చి చేరుతుంది. ఊరిని బట్టి కలివి అంటారు, కలే అంటారు, కలిమె అని కూడా అంటారు. కోస్తా జిల్లాల్లో పప్పులోకీ పులిహోరలోకీ వాడే వాక్కాయ దీనికి దగ్గరి చుట్టం. వాక్కాయ పెద్దది, కలివి చిన్నది. వృక్షశాస్త్రం రెండింటినీ కారిస్సా అనే ఒకే ప్రజాతిలో చేర్చింది. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో కలివిపండును ఎక్కువగా కోసినచోటే తినేస్తారు. వంటింటి దాకా వచ్చేది తక్కువ. వచ్చినదాన్ని పచ్చడికో, ఊరగాయకో వాడతారు. అదే పండుతో, ఇంట్లో ఉండే పాలు, మీగడ, చక్కెరలతో మంచి ఐస్‌క్రీమ్ తయారవుతుంది. అందులో అసలైన మెళకువ ఒక్కటే: పుల్లని గుజ్జును పాలలో ఎప్పుడు కలపాలన్నది. తక్కిన పనంతా దానికి ముందూ వెనకా జరిగేదే.

పాలమూరు అని పిలిచే పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసినప్పుడు, 2016 అక్టోబర్ 11న, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేర్వేరు జిల్లాలయ్యాయి. మూడింటి నేల తీరు ఒకటి కాదు. గద్వాల వైపు కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ చాలా మటుకు సాగునేల. వనపర్తి వైపు, ఖిల్లా ఘన్‌పూర్ వంటి చోట్ల, బండరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దాటి అమ్రాబాద్, మన్ననూరు వైపు ఎక్కితే నల్లమల అడవి. కలివికి రాతినేల ఇష్టం. నీళ్లు నిలవని గుట్టవాలు, మేకలు తిరిగే బీడు, పొలం గట్టు, అడవి అంచు దీనికి అనువైన చోట్లు. నీళ్లు పోసి పెంచేవారు ఎవరూ లేకుండానే ఏటా కాస్తుంది.

పొదను గుర్తుపట్టడం కష్టం కాదు. ఆకులు ఎదురెదురుగా, దళసరిగా, మెరుస్తూ ఉంటాయి. ముళ్లు గట్టివి, జంటగా వస్తాయి. మల్లెను పోలిన తెల్లని చిన్న పూలు, వాటికి మంచి వాసన. కాయ తెంపితే తొడిమ దగ్గర తెల్లని పాలు కారి వేళ్లకు జిగురుగా అంటుకుంటాయి. ఈ జిగురు నీళ్లతో కడిగితే పోదు, నూనె రాసి తుడవాలి. పాలు కారే ఈ గుణం గన్నేరు కుటుంబపు మొక్కల్లో ఉంటుంది, కలివి ఆ కుటుంబానిదే. గన్నేరు విషపు మొక్క. అదే కుటుంబంలో తినదగనివి ఇంకా ఉన్నాయి. అందుకే పండును చిన్నప్పటి నుంచీ ఎరిగినవారు కోసినదే వాడాలి. పొదను చూసి ఊహతో కోయడం మంచిది కాదు.

కలివికోడి అనే అరుదైన పక్షి పేరులోనూ ఈ పొద ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. ముళ్లపొదల మధ్య ఖాళీ నేలలో తిరిగే పిట్టకు ఊరివాళ్లు పెట్టుకున్న పేరు అది. పొదకు ఆ ప్రాంతపు జీవితంలో ఎంత చోటుందో ఆ పేరే చెబుతుంది.

కలివి ఎండాకాలంలో కాయ పట్టి, రోహిణి కార్తె చివర, మృగశిర మొదట్లో పండుతుంది. ఇంగ్లిషు నెలల్లో చెప్పుకుంటే సుమారు జూన్ మొదట్లో. వానలు జోరందుకుంటే పండు పగిలి రాలిపోతుంది. కాయ మొదట ఆకుపచ్చ, తర్వాత ఎరుపు, చివరకు నలుపు. ఐస్‌క్రీమ్‌కు మూడు వంతులు నల్లనివి, ఒక వంతు ఎర్రనివి కలిపితే రుచి బాగుంటుంది. నల్లనివి తీపినీ రంగునూ ఇస్తాయి. ఎర్రనివి పులుపునూ, గుజ్జు చిక్కబడే గుణాన్నీ ఇస్తాయి. పూర్తిగా పండని కాయల్లో పెక్టిన్ ఎక్కువగా ఉంటుంది. జామ్ గడ్డకట్టేది ఈ పదార్థం వల్లనే. ఆకుపచ్చ కాయలు మాత్రం వద్దు. వాటి పాలు చేదునూ జిగురునూ తెస్తాయి.

ఇక పాల సంగతి. మామూలు పాలు దాదాపు తటస్థంగా ఉంటాయి. పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో 6.6, 6.7 మధ్య. పాలలో ఉన్న ముఖ్యమైన మాంసకృత్తు పేరు కేసిన్. దాని సూక్ష్మమైన రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పాలంతటా పరుచుకుని ఉంటాయి. పులుపు తగిలితే ఆ తోపుడు తగ్గిపోతుంది. పీహెచ్ 4.6కు దిగేసరికి రేణువులన్నీ ఒకచోట పేరుకుంటాయి. పాలు విరగడం అంటే ఇదే. పాలు వేడిగా ఉంటే అంత పులుపు కూడా అక్కరలేదు. మరుగుతున్న పాలలో నిమ్మచెక్క పిండితే నిమిషంలో విరిగి, నీరు వేరై, గట్టి పలుకులు తేలతాయి. అదే పులుపు బాగా చల్లారిన, చిక్కని, చక్కెరా మీగడా కలిసిన పాలలో మెల్లగా చేరితే పలుకులు కట్టవు. పాలు పెరుగులా మెత్తగా చిక్కబడతాయి. ఐస్‌క్రీమ్‌కు ఆ చిక్కదనం మేలే చేస్తుంది. ఒకే పండు, ఒకే పాలు. వేడిలో కలిపితే చెడతాయి, చలిలో కలిపితే కుదురుతాయి.

దీన్నుంచి పని వరుస ఏర్పడుతుంది. పండును వేరుగా ఉడికించాలి. పాలను వేరుగా కాచాలి. రెండింటినీ వేర్వేరుగా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. తెల్లారి చల్లనిదాన్ని చల్లనిదానిలో కలిపి, వెంటనే గడ్డకట్టించాలి.

కొలతలు. ఎనిమిది మందికి, పది మందికి సరిపోయే ఐస్‌క్రీమ్‌కు కావలసినవి ఇవి: గేదె పాలు ఒక లీటరు, పాల మీద తీసి చేర్చుకున్న మీగడ 200 గ్రాములు, కలివిపండ్లు అర కిలో, చక్కెర మొత్తం 230 గ్రాములు, చిటికెడు ఉప్పు. చక్కెరలో 150 గ్రాములు పండుకు, 80 గ్రాములు పాలకు. మరొకసారి: పాలు లీటరు, మీగడ 200 గ్రాములు, పండ్లు అర కిలో, పండుకు 150 గ్రాముల చక్కెర, పాలకు 80 గ్రాములు.

గేదె పాలనే చెప్పడానికి కారణం ఉంది. వాటిలో వెన్న ఆరు, ఏడు శాతం దాకా ఉంటుంది. ఆవు పాలలో దాదాపు అందులో సగమే. వెన్న తక్కువైతే నీటి వంతు ఎక్కువై, గడ్డకట్టాక నోట్లో మంచుపలుకులు తగులుతాయి. భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం ఐస్‌క్రీమ్ అనే పేరుతో అమ్మే సరుకులో పాలవెన్న కనీసం 10 శాతం ఉండాలి. పాలవెన్న బదులు మొక్కల నూనెలు, కొవ్వులు వాడితే దాన్ని ఫ్రోజెన్ డిజర్ట్ అని రాసి అమ్మాలి. దుకాణంలో డబ్బా మీది చిన్న అక్షరాలు చదివితే ఈ తేడా తెలిసిపోతుంది. పైన చెప్పిన కొలతలతో చేస్తే వెన్న దాదాపు 11 శాతం వస్తుంది. అంటే ఇంట్లో చేసినది ఆ నియమానికి నిలబడుతుంది.

పండ్లను మొదట ఉప్పునీళ్లలో పావుగంట ఉంచి, రెండు మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి. గుట్టల మీది పండు కాబట్టి దుమ్ము, చీమలు, ఎండుటాకు తునకలు తప్పవు. తొడిమలు గిల్లేయాలి. తర్వాత స్టీలు గిన్నెలో పండ్లు, ఒక టీ గ్లాసు నీళ్లు, 150 గ్రాముల చక్కెర వేసి సన్నని సెగ మీద పెట్టాలి. అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు పనికిరావు. పులుపు ఆ లోహాలను తినేసి రుచిని పాడుచేస్తుంది, ఆరోగ్యానికీ మంచిది కాదు. పది నిమిషాలకు తొక్కలు చిట్లి, గిన్నెలో ముదురు ఎరుపు రసం ఊరుతుంది. గరిటె వెనక భాగంతో మెదిపి, ఇంకో ఐదు నిమిషాలు ఉంచి దించాలి. ఎక్కువసేపు మరిగిస్తే తాజా పండు వాసన పోయి జామ్ వాసన వస్తుంది.

కాస్త చల్లారాక జల్లెడలో వేసి, కింద గిన్నె పెట్టి, చేత్తో రుద్దుతూ గుజ్జు దింపాలి. గింజలూ తొక్కలూ పైన మిగులుతాయి. మిక్సీలో వేయడం తేలిక అనిపించినా ఆ పని చేయకూడదు. గింజ నలిగితే చేదు దిగుతుంది. దిగిన గుజ్జు సుమారు 400 గ్రాములు ఉంటుంది. గరిటెతో ఎత్తి పోస్తే ధారగా కాక, ముద్దముద్దగా జారాలి. పల్చగా ఉంటే మళ్లీ సెగ మీద పెట్టి చిక్కబరచాలి. గుజ్జులో నీరు ఎంత తక్కువ ఉంటే ఐస్‌క్రీమ్ అంత మెత్తగా వస్తుంది. దీన్ని సీసాలో పోసి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో ఉంచాలి.

పాలను అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి, కలుపుతూ, లీటరు పాలు 600 మిల్లీలీటర్లయ్యే దాకా కాచాలి. గిన్నె అంచులకు అంటిన మీగడ తరకలను గీకి పాలలోనే వేసుకోవచ్చు. దించేముందు 80 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు వేసి కరిగించాలి. గోరువెచ్చగా అయ్యాక మీగడ కలిపి, ఉండలు లేకుండా చిలికి, వడకట్టి ఇదీ ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రంతా చల్లగా ఉన్న పాలలో వెన్న రేణువులు గట్టిపడతాయి, మాంసకృత్తులు నీటిని పీల్చుకుంటాయి. మర్నాడు తిప్పేటప్పుడు గాలిని బాగా పట్టుకుంటాయి. ఒక్క రాత్రి ఆగడం వల్ల వచ్చే నునుపు ఏ పొడులు వేసినా రాదు.

పొడులంటే బంక మాట కూడా చెప్పుకోవాలి. నల్లమలలో తపసి చెట్టు ఉంది. దాని బెరడు మీద ఊరే బంకను చెంచులు తరతరాలుగా సేకరిస్తున్నారు. గిరిజన సహకార సంస్థ దాన్ని కొంటుంది. ప్రపంచ మార్కెట్‌లో దాని పేరు గమ్ కరాయ. పండ్లరసంతో చేసే ఐస్‌లలో నీరు వేరుపడకుండా, మంచుపలుకులు పెరగకుండా ఈ బంకను వాడతారు. పులుపు తగిలినా దీని గుణం చెడదు. అమ్రాబాద్ అడవిలో గీసిన బంక ఏ దేశపు ఐస్‌క్రీమ్‌లో చేరుతుందో చెప్పలేం; తినడానికి పనికొచ్చేలా శుభ్రం చేసిన బంక పొడి దొరికితే మాత్రం ఇంటి ఐస్‌క్రీమ్‌లోనూ వేసుకోవచ్చు. అర చెంచా పొడిని టీ గ్లాసు చల్లని నీళ్లలో రాత్రి నానబెడితే ఉబ్బి జెల్లీలా అవుతుంది. దాన్ని వడగట్టి గుజ్జులో కలపాలి. దొరక్కపోతే ఇబ్బంది లేదు. కలివిలో ఉన్న పెక్టినే సగం పని చేస్తుంది.

మర్నాడు చల్లని పాలగిన్నెలో చల్లని గుజ్జును గరిటె గరిటెగా వేస్తూ, ఒకే వైపు తిప్పుతూ కలపాలి. ఈ దశలో రంగును గమనించాలి. కలివి రంగు ఆంథోసయనిన్ అనే పదార్థానిది. పులుపులో అది ఎర్రగా ఉంటుంది, పులుపు తగ్గేకొద్దీ ఊదాకు తిరుగుతుంది. మొదటి గరిటె గుజ్జు పడగానే పాలు మాసిన ఊదారంగుకు వస్తాయి. చెడిందేమో అనిపిస్తుంది. కలుపుతూ పోతే, గుజ్జంతా చేరేసరికి, రంగు గులాబీకి మళ్లుతుంది. అప్పటికీ ఊదాగానే ఉంటే పండులో పులుపు చాలలేదన్నమాట. నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే రంగు తేరుకుంటుంది. ఒక చెంచా నోట్లో వేసుకుని చూడాలి. ఈ దశలో కాస్త తీపి ఎక్కువనిపించాలి. చలికి నాలుక తీపిని తక్కువగా పసిగడుతుంది. ఇప్పుడు సరిగ్గా ఉందనిపిస్తే గడ్డకట్టాక చప్పగా ఉంటుంది.

గడ్డకట్టించే విధానాలు రెండు. ఒకటి ఫ్రిజ్‌లో. రెండోది ఐసుగడ్డ, ఉప్పుతో.

రెండోది పాతది, ఫలితంలో మెరుగైనది. నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. పాలు, చక్కెర, పండు కలిసిన మిశ్రమం గడ్డకట్టడం మొదలవ్వాలంటే సున్నాకు రెండు మూడు డిగ్రీలు కిందకి దిగాలి. ఒట్టి ఐసుగడ్డ మధ్య పెడితే అంత చలి రాదు. ఐసు మీద ఉప్పు వేస్తే సున్నాకు కిందే ఐసు కరగడం మొదలవుతుంది. కరగడానికి కావలసిన వేడిని తన చుట్టూ ఉన్నవాటి నుంచి లాక్కుంటుంది. ఆ లాగుడుతో ఉష్ణోగ్రత మైనస్ 15 డిగ్రీల వరకూ పడిపోతుంది. ఉప్పు సరిపాళ్లలో ఉంటే మైనస్ 21 దాకా పోగలదు. ఉప్పుజాతి పదార్థాలతో చలి పుట్టించడం ఈ దేశానికి కొత్త కాదు. అక్బరు కాలంలో సూరేకారంతో నీళ్లు చల్లబరిచేవారని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. చేతితో తిప్పే ఐస్‌క్రీమ్ యంత్రానికి అమెరికాలో నాన్సీ జాన్సన్ అనే మహిళ 1843లో పేటెంటు పొందింది. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్‌లో చేతితో తిప్పిన ఐస్‌క్రీమ్‌కు పేరున్న దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ సీతాఫలం కాలంలో సీతాఫలం ఐస్‌క్రీమ్ కోసం జనం బారులు తీరతారు. సీతాఫలాల్లో పేరుపడ్డ బాలానగర్ రకం పాలమూరు బాలానగర్‌ది. తీపిపండుకు దక్కిన ఆ గౌరవం పక్క పొదలో ఉన్న పుల్లని పండుకు ఇంకా దక్కలేదు. నిజానికి మీగడ జిడ్డును కోసి నోటిని తేటపరిచే గుణం కలివిలోనే ఎక్కువ. సీతాఫలం పాలతో కలిస్తే మెత్తదనం మీద మెత్తదనం. కలివి కలిస్తే ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. తినే కొద్దీ తినాలనిపించేది ఆ రెండోదే.

ఇంట్లో యంత్రం లేకపోయినా పని సాగుతుంది. మూత గట్టిగా పట్టే రెండు లీటర్ల స్టీలు పాలక్యాను ఒకటి, దానికి మూడింతలు పెద్ద బకెట్టు ఒకటి ఉంటే చాలు. ఐదారు కిలోల ఐసుగడ్డను గోనెసంచిలో చుట్టి రోకలితో కొట్టి, నిమ్మకాయంత ముక్కలు చేయాలి. మూడు పాళ్ల ఐసుకు ఒక పాలు దొడ్డుప్పు. అంటే ఆరు కిలోల ఐసుకు రెండు కిలోల ఉప్పు. బకెట్టు అడుగున ఒక వరుస ఐసు, పైన గుప్పెడు ఉప్పు పరిచి, మధ్యలో క్యాను నిలబెట్టి, చుట్టూ వరుసలు పేర్చాలి. క్యానులో మిశ్రమం మూడింట రెండు వంతులే ఉండాలి, గాలి చేరితే ఉబ్బుతుంది. ఐసు ఎత్తు క్యాను మూతకు నాలుగు వేళ్లు కిందే ఆగాలి. ఆ నాలుగు వేళ్ల జాగా చాలా ముఖ్యం. ఒక్క చెంచా ఉప్పునీరు లోపలికి పోతే మొత్తం పారబోయాల్సిందే. జూరాల ప్రాజెక్టు దగ్గర చేపల వ్యాపారానికి వాడే ఐసైనా, ఊళ్లో పుల్లైసు బండివాళ్లు వాడే ఐసైనా బకెట్టులోకి పనికొస్తుంది. ఆ ఐసు తాగే నీళ్లతో చేసింది కాకపోవచ్చు, కాబట్టి అది క్యాను బయటే ఉండాలి.

క్యాను పిడిని పట్టుకుని కుడికీ ఎడమకీ తిప్పుతూ ఉండాలి. ఐదు నిమిషాలకొకసారి, మూత చుట్టూ గుడ్డతో తుడిచి, తెరిచి, చెక్క తెడ్డుతో లోపలి గోడలను గీకాలి. చలి మొదట తగిలేది గోడకే. అక్కడ పలుచటి పొరలా గడ్డకట్టినదాన్ని గీకి మధ్యలోకి తోస్తే, మధ్యలో ఉన్న పలుచనిది గోడకు చేరుతుంది. ఇలా గీకుతూ ఉండడం వల్లే మంచుపలుకులు పెద్దవి కాలేవు. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కన్నా చిన్న పలుకును నాలుక పసిగట్టలేదు. అంతకు మించితే ఇసుకలా తగులుతుంది. మొదటి పావుగంట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత తెడ్డు బరువెక్కుతుంది. అరగంట దాటాక తెడ్డు లాగిన గీత పూడకుండా అలాగే నిలిచిపోతుంది. అప్పటికి మిశ్రమం మైనస్ ఐదు డిగ్రీల దగ్గర ఉంటుంది, మెత్తని వెన్నముద్దలా ఉంటుంది. ఇక తిప్పడం ఆపి, కరిగిన నీళ్లు వంపేసి, మళ్లీ ఐసూ ఉప్పూ దట్టించి, పైన గోనె కప్పి రెండు గంటలు కదల్చకుండా ఉంచాలి. లేదా డబ్బాలోకి తీసి ఫ్రిజ్ పై అరలో పెట్టాలి. వంపిన ఉప్పునీటిని చెట్ల మొదట్లో పోయకూడదు, వేర్లు మాడిపోతాయి.

ఫ్రిజ్ ఒక్కదానితోనే చేసేటప్పుడు లోతు గిన్నె కాక వెడల్పు పళ్లెం తీసుకోవాలి. మిశ్రమం రెండు వేళ్ల మందం మించకూడదు. ముప్పావు గంటకొకసారి తీసి అంచులను గీకి గిలక్కొట్టాలి. నాలుగుసార్లు అలా చేశాక మూతపెట్టి వదిలేయాలి. మధ్యలో కరెంటు పోయి పూర్తిగా కరిగిపోతే తిరిగి గడ్డకట్టించకూడదు. పలుకులు పెద్దవై గరగరలాడుతుంది. పైగా కరిగిన పాలలో సూక్ష్మజీవులు పెరిగి ఉంటాయి, చలి వాటిని చంపదు. ఎండాకాలపు కరెంటు కోతలున్న ఊళ్లలో అందుకే ఐసు బకెట్టు పద్ధతి నమ్మకమైనది.

పులుపు బాగా ఎక్కువున్న పండ్లతో పాల బదులు పెరుగు వాడే పద్ధతి కూడా ఉంది. చిక్కని పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి నాలుగైదు గంటలు వేలాడదీస్తే నీరు దిగిపోతుంది. అర కిలో గట్టి పెరుగుకు 100 గ్రాముల మీగడ, 300 గ్రాముల కలివి గుజ్జు, రుచికి తగ్గ చక్కెర. పెరుగు అప్పటికే తోడుకుని ఉంది కాబట్టి విరుగుతుందన్న భయమే లేదు. కొత్తగా చేసేవారు దీనితో మొదలుపెట్టడం మేలు.

వడ్డించేటప్పుడు పైన వేయదగినవి రెండు. వనపర్తి, గద్వాల చేలల్లో పండే పల్లీలను దోరగా వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా దంచి చల్లితే పులుపుకు కమ్మదనం తోడవుతుంది. రెండోది సారపప్పు. నల్లమలలో ఎండాకాలం దొరికే మొర్రిపండు గింజలోని పప్పే అది.

ఇదే పద్ధతి మరికొన్ని పండ్లకూ వర్తిస్తుంది. కలివి తర్వాత నేరేడు వస్తుంది. దానిలో పులుపు కన్నా వగరు ఎక్కువ, కాబట్టి ఉప్పు కాస్త పెంచి, గుజ్జు తగ్గించాలి. పుష్యమాసంలో రేగుపండ్లు. భోగినాడు పిల్లల తల మీద పోయగా మిగిలిన రేగుపండ్లను ఉడికించి జల్లెడ పడితే చిక్కని గుజ్జు వస్తుంది, రంగు మాత్రం ఉండదు. పరికిపండ్లలో గింజే ఎక్కువ, గుజ్జు తక్కువ. చాలా పండ్లు ఉంటేనే పని. తునికిపండు తీపిపండు, దానికి ఈ జాగ్రత్తలేవీ అక్కరలేదు.

పండు సంపాదించడంలో ఒక నియమం పాటించాలి. అమ్రాబాద్ పెద్దపులుల రక్షిత ప్రాంతంలోకి బయటివారు పండ్ల కోసం వెళ్లకూడదు. అక్కడ పండ్లు, తేనె, బంక వంటి అటవీ ఫలసాయం సేకరించుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో నివసించే గిరిజనులకు ఇచ్చింది. చెంచులు తెచ్చి అమ్మినది కొంటే పండు సరైనదన్న భరోసా ఉంటుంది, డబ్బు వాళ్ల చేతికి చేరుతుంది. బేరమాడేముందు ఒక్కటి గుర్తుంచుకోవాలి. జంట ముళ్ల మధ్య నుంచి ఒక్కొక్క పండే తెంపాలి. అర కిలో పండ్లంటే కొన్ని వందల సార్లు ముళ్లలో చెయ్యి పెట్టడం. సొంత పొలం గట్టున పొద ఉన్నవారు కూడా మొత్తం దులపకుండా కొన్ని వదిలేయాలి. ఎలుగుబంట్లు, పిట్టలు తినే పండ్లలో కలివి ఒకటి. గింజలు కొత్త చోట్లకు చేరేది వాటి వల్లే.

తయారైన ఐస్‌క్రీమ్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో, పైన కాగితం అంటించినట్టు పరిచి ఉంచితే రెండు వారాలు బాగుంటుంది. తినడానికి పది నిమిషాల ముందు బయట పెడితే చెంచా దిగుతుంది. పండు మాత్రం అంతకాలం ఆగదు. కోసిన మూడో రోజుకే మెత్తబడి పులుస్తుంది. గుజ్జుగా చేసి ఫ్రీజర్‌లో దాచుకుంటే కొన్ని నెలలు నిలుస్తుంది, పండుగలకు తీసి వాడుకోవచ్చు. మృగశిర వానలు ముదరకముందే, గంపలు రోడ్డు పక్కకు వచ్చిన ఆ కొద్ది వారాల్లోనే, కలివిపండ్లు కొనిపెట్టుకోవాలి.